బంధాలు ఫైల్లో రాసి ఉండవు: ప్రోటీన్ నిర్మాణ డేటాబేస్‌లలో ఇంటరాక్షన్లు వెతికే పద్ధతి

"ఈ మందు ప్రోటీన్‌తో 5 హైడ్రోజన్ బంధాలు ఏర్పరచింది" అని ప్రాజెక్టు రిపోర్టులో ఉంటుంది. వైవాలో ఎగ్జామినర్ ఒకటే అడుగుతాడు: "ఎంత దూరం దాకా లెక్కపెట్టినవ్?" అక్కడ చాలామంది నీళ్లు నములుతారు. వెబ్‌సైట్ 5 చూపించింది, 5 అని రాశారు, అంతే. అదే నిర్మాణాన్ని ఇంకో వెబ్‌సైట్‌లో పెడితే 8 రావచ్చు, 3 రావచ్చు.

రెండు వెబ్‌సైట్లలో ఏదీ అబద్ధం చెప్పడం లేదు. ప్రోటీన్ల నిర్మాణాలు దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్ (పీడీబీ) ఫైల్లో ప్రధానంగా ఉండేవి పరమాణువుల పేర్లు, అవి ఎక్కడున్నాయో చెప్పే ఎక్స్, వై, జెడ్ కొలతలు. డైసల్ఫైడ్, లోహ బంధాల వంటి కొన్నింటిని పక్కనపెడితే, ప్రోటీన్‌కూ మందుకూ మధ్య హైడ్రోజన్ బంధం ఫలానా చోట ఉందని అందులో రాసి ఉండదు. ప్రోగ్రామ్ ఒక దూరాన్ని, ఒక కోణాన్ని హద్దుగా పెట్టుకుంటుంది. ఆ హద్దు లోపల పడ్డ జంటలన్నిటినీ బంధాలంటుంది. హద్దు ఎక్కడుందో తెలియకుండా జాబితా ఎత్తి రిపోర్టులో పెట్టొద్దు.

ఈ పని మొత్తానికి 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్ చాలు. ఉదాహరణకు రెండు నిర్మాణాలు తీసుకుందాం, పీడీబీలో వాటి ఐడీలతో. మొదటిది 1హెచ్‌ఎస్‌జి: హెచ్‌ఐవీ ప్రోటియేజ్‌లో ఇండినావిర్ మందు. రెండోది 2హెచ్‌బిఎస్: సికిల్ సెల్ హిమోగ్లోబిన్. ఈ రెండోది ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు గోండు, కొలాం గూడేల్లో కనబడే జబ్బుకు సంబంధించినది కాబట్టి వరంగల్, ఆదిలాబాద్ విద్యార్థులకు మంచి ప్రాజెక్టు విషయం కూడా.

ముందు ఏ ఇంటరాక్షన్ కావాలో తేల్చుకోండి

ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. ఏ ప్రోటీన్‌కు ఏ ప్రోటీన్‌తో సంబంధం ఉంది అన్నది ఒకటి. దానికి స్ట్రింగ్, ఇంటాక్ట్, బయోగ్రిడ్ ఉన్నాయి. ఏ పరమాణువు ఏ పరమాణువుకు ఎంత దగ్గరగా ఉంది అన్నది రెండోది. దానికి ప్రోటీన్ డేటా బ్యాంక్, దాని మీద ఆధారపడ్డ పీడీబీసమ్, ప్లిప్, పీసా లాంటివి ఉన్నాయి.

స్ట్రింగ్‌లో రెండు ప్రోటీన్ల మధ్య గీత కనబడగానే అవి ముట్టుకుంటున్నాయని రాసేస్తుంటారు. స్ట్రింగ్ ప్రయోగాలతో పాటు పరిశోధన పత్రాల్లో రెండు పేర్లు కలిసి రావడాన్ని, రెండు జన్యువులు కలిసి పనిచేయడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే పెళ్లి పత్రికలో పేర్లున్నంత మాత్రాన ఇద్దరూ చేతులు కలిపినట్టు కాదు కదా. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రకాన్ని ఫిజికల్‌కు మార్చండి, కనీస స్కోరు 0.7 పెట్టండి. ఆ స్కోరు 0.9 ఉందంటే బంధం గట్టిదని కాదు, ఆ సంబంధం ఉందన్న నమ్మకం ఎక్కువని. ఇక్కడి నుంచి మనం చూసేది రెండో అర్థమే.

నిర్మాణం ఎంచుకునే చోటే సగం పని

ప్రోటీన్ల అమైనో ఆమ్లాల వరుసలు దాచే యూనిప్రాట్ డేటాబేస్‌తో మొదలుపెట్టండి. మనిషి హిమోగ్లోబిన్ బీటా గొలుసు నంబరు పీ68871. ఆ పేజీలో స్ట్రక్చర్ భాగానికి వెళ్తే ఆ ప్రోటీన్‌కు ఉన్న పీడీబీ నిర్మాణాలన్నీ రిజల్యూషన్‌తో (ప్రయోగం ఎంత స్పష్టంగా చూపిందో చెప్పే అంకె) సహా వరుసగా వస్తాయి. పీడీబీలో పేరుతో వెతికితే ఎలుకదీ, గుర్రానిదీ, మనిషిదీ కలిసొస్తాయి. యూనిప్రాట్ నంబరుతో వెతికితే ఆ గోల ఉండదు.

ఇక్కడే మొదటి గుంట ఉంది: నంబర్లు. సికిల్ సెల్‌లో మారిన అమైనో ఆమ్లం 6వది అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి, 2హెచ్‌బిఎస్‌లోనూ అది 6వదే. యూనిప్రాట్ మాత్రం మొదటి మెథియొనీన్‌ను కూడా లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ అది 7. జన్యు పరీక్ష రిపోర్టుల్లోనూ 7 కనబడవచ్చు. హెచ్‌ఐవీ ప్రోటియేజ్‌లో తేడా ఇంకా పెద్దది. అది ఒక పొడవాటి పాలీప్రోటీన్‌లో ముక్క, కాబట్టి 1హెచ్‌ఎస్‌జిలో 25వ ఆస్పార్టిక్ ఆమ్లం యూనిప్రాట్‌లో వందల్లో ఉంటుంది. రెండు వరుసలనూ జతచేసే పట్టిక పేరు సిఫ్ట్స్. పీడీబీ పేజీలో సీక్వెన్స్ ట్యాబ్ తెరిస్తే రెండు నంబర్లూ పక్కపక్కనే చూడొచ్చు. రిపోర్టులో ఏ నంబర్లు వాడారో ఒక వాక్యం రాయండి.

ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో 7 నిర్మాణాలతో మొదలైంది, 2023లో 2 లక్షలు దాటింది. ఆర్‌సీఎస్‌బీ (అమెరికా), పీడీబీఈ (యూరప్), పీడీబీజే (జపాన్) మూడూ ఒకే సరుకుకు మూడు తలుపులు. వాటి పరికరాల్లోనే తేడా. కొత్త నిర్మాణాలు వారానికోసారి, మన టైములో బుధవారం పొద్దున 5:30కు వస్తాయి.

ఒక ప్రోటీన్‌కు వంద నిర్మాణాలుంటే ఏది తీసుకోవాలి? ఎక్స్‌రే నిర్మాణమైతే (ప్రోటీన్ స్ఫటికం మీద ఎక్స్‌రేలు పంపి తేల్చినది) మొదట రిజల్యూషన్ చూడండి. ఈ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. బంధాల దూరాలు కొలిచే పనికి 2.0 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు), అంతకు తక్కువ ఉన్నవి ఎంచుకోండి. 2.5 దాకా జాగ్రత్తగా వాడుకోవచ్చు. 3.0 దాటితే పక్క గొలుసు (సైడ్ చెయిన్, అంటే ఒక్కో అమైనో ఆమ్లానికి ఉండే కొమ్మ) ఎటు తిరిగిందన్నది చాలాచోట్ల ఊహే, నీటి అణువులైతే దాదాపు కనబడవు. అలాంటి నిర్మాణంలో "2.87 ఆంగ్‌స్ట్రామ్‌ల హైడ్రోజన్ బంధం" అని రెండు దశాంశాలతో రాస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు. తర్వాత ఆర్-ఫ్రీ: మోడల్ కట్టడానికి వాడకుండా పక్కన పెట్టిన కొలతలతో మోడల్‌కు ఎంత తేడా ఉందో చెప్పే అంకె. వాడిన కొలతలతో తేడా ఆర్-వర్క్. 2 ఆంగ్‌స్ట్రామ్‌ల నిర్మాణానికి అది 0.25 లోపు ఉండాలి, ఆర్-వర్క్‌కూ దానికీ తేడా 0.05 మించకూడదు అన్నది పనికొచ్చే మోటు లెక్క. ఎన్‌ఎంఆర్ నిర్మాణానికి రిజల్యూషన్ ఉండదు. ఒకే ఫైల్లో 20 మోడళ్లు ఉండొచ్చు, మొదటి మోడల్‌లో ఉన్న బంధం ఏడో మోడల్‌లో ఉండకపోవచ్చు. ఎన్ని మోడళ్లలో ఉందో లెక్కపెట్టి రాయాలి.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనేవాడు బస్తా పైన కాయలు చూసి ధర కట్టడు, లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూస్తాడు. నిర్మాణానికీ అంతే. రిజల్యూషన్ మొత్తం ఫైలుకు ఒక్క అంకె. మీకు కావలసిన మూల ఎలా ఉందో అది చెప్పదు. ప్రతి నిర్మాణం పేజీలో వ్యాలిడేషన్ రిపోర్ట్ అని పీడీఎఫ్ ఉంటుంది. అందులో లిగాండ్ల (ప్రోటీన్‌కు అతుక్కున్న మందు లాంటి చిన్న అణువుల) పట్టికకు వెళ్లి ఆర్‌ఎస్‌సీసీ అనే అంకె చూడండి. మందు పరమాణువులు నిజంగా ప్రయోగంలో కనబడిన ఎలక్ట్రాన్ సాంద్రత మీద ఎంత బాగా కూర్చున్నాయో అది చెబుతుంది. 0.9 పైన ఉంటే నిశ్చింత, 0.8 లోపు ఉంటే ఆ మందు అక్కడ అలాగే ఉందని నమ్మడం కష్టం. ప్రయోగపు ముడి కొలతలు ఇవ్వడం 2008 నుంచే తప్పనిసరి అయింది, కాబట్టి కొన్ని పాత నిర్మాణాలకు ఈ అంకె దొరకదు. అప్పుడు అదే మందున్న కొత్త నిర్మాణం ఉందేమో వెతకండి.

డౌన్‌లోడ్‌లో పోయే వస్తువులు

ఎంఎంసీఐఎఫ్ ఫార్మాట్ తీసుకోండి. పాత పీడీబీ ఫార్మాట్‌లో 99,999 పరమాణువులు, 62 గొలుసులు దాటితే చోటు లేదు. పైగా నాలుగక్షరాల ఐడీలు నిండుకుంటున్నాయి. తర్వాత రాబోయే పొడవాటి ఐడీలకు పాత ఫార్మాట్ ఫైలు ఉండదు. మీ ప్రోగ్రామ్‌కు పాతదే కావాలంటే చిన్న ప్రోటీన్లకు ఇబ్బంది లేదు.

అసిమెట్రిక్ యూనిట్, బయలాజికల్ అసెంబ్లీ అని రెండు రకాల ఫైళ్లు కనబడతాయి. మొదటిది స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే కనీస భాగం. రెండోది కణంలో పనిచేసే రూపమని నిర్ణయించినది. ఒక ప్రోటీన్ జంటగా పనిచేస్తుంటే, అసిమెట్రిక్ యూనిట్‌లో ఒక్కటే ఉండొచ్చు. అప్పుడు మందు సగం గాలిలో వేలాడుతున్నట్టు కనబడుతుంది, బంధాలు సగమే వస్తాయి. మామూలుగా అసెంబ్లీ ఫైలే వాడాలి. సికిల్ సెల్ దగ్గర మాత్రం ఈ సూత్రం తిరగబడుతుంది, కింద చూస్తారు.

తెరవగానే లెక్క సరిచూడండి. 1హెచ్‌ఎస్‌జిలో 2 గొలుసులు, ఒక్కోదాంట్లో 99 చొప్పున 198 అమైనో ఆమ్లాలు, 127 నీటి అణువులు, 1 ఇండినావిర్. మొత్తం 1,686 పరమాణువులు. హైడ్రోజన్లు కలపకముందే ఈ లెక్క రాకపోతే మధ్యలో ఏ ప్రోగ్రామో ఏదో తీసేసింది.

మందు, ప్రోటీన్: 1హెచ్‌ఎస్‌జి

మొదట కళ్లతో చూడండి. ఆర్‌సీఎస్‌బీ పేజీలోనే మోల్‌స్టార్ వ్యూయర్ ఉంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఇండినావిర్‌కు ఇక్కడ పెట్టిన కోడ్ ఎంకే1. దాని మీద క్లిక్ చేస్తే చుట్టూ 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్నవన్నీ తెరుచుకుంటాయి, బంధాలు చుక్కల గీతల్లో కనబడతాయి. తర్వాత ప్లిప్‌లో ఐడీ ఇచ్చి రన్ చేయండి. హైడ్రోజన్ బంధాలు, హైడ్రోఫోబిక్ (నీటిని ఇష్టపడని భాగాల) కాంటాక్టులు, నీటి వారధులు, సాల్ట్ బ్రిడ్జిలు (ధన, రుణావేశాల జంటలు), పై-స్టాకింగ్ (వలయాలు ఒకదానికొకటి ఆనుకోవడం) లాంటివి విడివిడి పట్టికల్లో దూరాలు, కోణాలతో వస్తాయి. ఆఖరున పీడీబీసమ్ తెరిచి లిగాండ్ పేజీలో లిగ్‌ప్లాట్ బొమ్మ తీసుకోండి. రిపోర్టులో పెట్టడానికి ఆ చదును బొమ్మే బాగుంటుంది.

ఇప్పుడు ప్లిప్ జాబితా, లిగ్‌ప్లాట్ జాబితా పక్కపక్కన పెడితే కలవవు. లిగ్‌ప్లాట్ మామూలు సెట్టింగ్‌లో ఇచ్చే పరమాణువుకూ పుచ్చుకునే పరమాణువుకూ మధ్య 3.35 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకానే హైడ్రోజన్ బంధమంటుంది. ప్లిప్ 4.1 దాకా పోతుంది, కోణం 100 డిగ్రీలు ఉన్నా ఒప్పుకుంటుంది. 3.7 ఆంగ్‌స్ట్రామ్‌ల జంట ఒకచోట బంధం, ఇంకోచోట ఏమీ కాదు. మా సలహా: రిపోర్టుకు 3.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, 120 డిగ్రీలు హద్దుగా పెట్టుకోండి. 3.5 దాటినవి ఉంటే బలహీనమైనవని వేరే వరుసలో రాయండి. ప్లిప్ పట్టికలో దూరం, కోణం రెండూ ఉంటాయి కాబట్టి వడపోత స్ప్రెడ్‌షీట్‌లో రెండు నిమిషాల పని. రెండు ప్రోగ్రాముల్లో ఏ అంకె పెద్దగా వస్తే దాన్ని ఏరుకోవడం మాత్రం చేయకండి.

ఈ నిర్మాణంలో తప్పులు జరిగే చోట్లు మూడున్నాయి. మొదటిది గొలుసు పేరు. ఫైల్లో ఎంకే1కు బీ గొలుసు అక్షరం ఇచ్చారు గానీ మందు కూర్చున్నది ఏ, బీ రెండు గొలుసుల నడుమ. "ఒక్క గొలుసు చాలు" అని బీని తీసేస్తే మందే పోతుంది. ఏని తీసేస్తే సగం బంధాలు పోతాయి.

రెండోది నీళ్లు. డాకింగ్ (మందు ప్రోటీన్‌లో ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌తో అంచనా వేయడం) ట్యుటోరియల్స్‌లో మొదటి మెట్టే "నీటి అణువులన్నీ తొలగించండి" అని ఉంటుంది. ఆ అలవాటు ఇక్కడికి తెచ్చుకోవద్దు. ఈ ఫైల్లో 308 నంబరు నీటి అణువు మందుకూ ప్రోటీన్ రెక్కలకూ (మందు మీద మూసుకునే భాగాలకు) మధ్య వారధి. రెండు గొలుసుల్లోని 50వ ఐసోలూసీన్లను మందు తాలూకు ఆక్సిజన్లతో కలుపుతుంది. దాన్ని తీసేస్తే ప్రోటియేజ్ మందును పట్టుకునే తీరులో ముఖ్యమైన ముక్క మాయమవుతుంది. రిజల్యూషన్ 2.0 కాబట్టి హైడ్రోజన్ కనబడదు, నీరు ఒక్క ఆక్సిజన్ చుక్కగానే కనబడుతుంది; తప్పిపోయిందని కంగారు పడొద్దు.

మూడోది హైడ్రోజన్లే. మామూలు ఎక్స్‌రే నిర్మాణాల్లో అవి కనబడవు, ప్రోగ్రామే ఊహించి కలుపుతుంది. రెండు గొలుసుల 25వ ఆస్పార్టిక్ ఆమ్లాలు ఎదురెదురుగా, మందు హైడ్రాక్సిల్‌ను పట్టుకుని ఉంటాయి. అంత దగ్గరలో రెండింటికీ రుణావేశం ఉంటే వికర్షించుకుంటాయి, కాబట్టి ఒకదాని మీద ప్రోటాన్ ఉందనుకోవాలి. ఏ ఆక్సిజన్ మీద అన్నది ప్రోగ్రామ్‌కు తెలియదు. అక్కడ బంధాల సంఖ్య ఒకటి అటూఇటూ అయితే అది ప్రోగ్రామ్ ఊహలోని తేడా, జీవశాస్త్రం కాదు. హిస్టిడీన్ దగ్గర, ఆస్పరజీన్, గ్లుటమీన్ పక్క గొలుసుల చివర కూడా ఇదే చిక్కు. అక్కడ నైట్రోజన్, ఆక్సిజన్ తారుమారై ఉండొచ్చు. మోల్‌ప్రాబిటీలో ఫైలు ఇస్తే తిప్పాల్సినవాటిని తిప్పి, హైడ్రోజన్లు పెట్టి ఇస్తుంది. ఆ ఫైల్‌నే తర్వాతి మెట్లకు వాడండి.

ఇంకో సంగతి. పీడీబీలో లిగాండ్ అని ఉన్నవన్నీ మందులు కావు. గ్లిసరాల్, సల్ఫేట్, పాలీఇథిలీన్ గ్లైకాల్ లాంటివి తరచుగా స్ఫటికం పెంచేటప్పుడు వాడిన ద్రావణంలోంచి వచ్చినవి. ప్లిప్ ఇలాంటివాటికి కూడా బంధాలు చూపించవచ్చు. జీవశాస్త్రపరంగా అర్థమున్న లిగాండ్లనే ఏరిపెట్టే డేటాబేస్ బయోలిప్. అనుమానం వస్తే అందులో ఉందో లేదో చూడండి.

ప్రోటీన్, ప్రోటీన్: 2హెచ్‌బిఎస్

ఇది 2.05 ఆంగ్‌స్ట్రామ్‌ల నిర్మాణం, ఆక్సిజన్ లేని సికిల్ హిమోగ్లోబిన్. అసిమెట్రిక్ యూనిట్‌లో రెండు పూర్తి హిమోగ్లోబిన్లు, అంటే 8 గొలుసులు ఉంటాయి. ఒక హిమోగ్లోబిన్‌లోని మారిన వ్యాలీన్ 6 వెళ్లి పక్క హిమోగ్లోబిన్ బీటా గొలుసు మీద ఫినైల్ అలనీన్ 85, లూసీన్ 88 నడుమ ఉన్న గుంటలో కూర్చుంటుంది. అలా ఒకదానికొకటి తగులుకుని పోగులవుతాయి, ఎర్రకణం కొడవలిలా వంగుతుంది.

ఇక్కడ అసెంబ్లీ ఫైలు తీసుకుంటే ఒక్క హిమోగ్లోబిన్, అంటే 4 గొలుసులే రావచ్చు. మీరు చూడాలనుకున్న కాంటాక్టే ఉండదు. అందుకని అసిమెట్రిక్ యూనిట్ దించుకుని 8 గొలుసులున్నాయని లెక్కపెట్టండి. కైమెరాఎక్స్ (ఇన్‌స్టాల్ చేసుకునే వ్యూయర్) లేదా మోల్‌స్టార్‌లో నాలుగు బీటా గొలుసుల 6వ వ్యాలీన్లను ఒక్కొక్కటిగా చూడండి. ఒక్కో హిమోగ్లోబిన్‌లో రెండు వ్యాలీన్ 6లు ఉన్నా ఈ పక్కపక్క పట్టులో పాల్గొనేది ఒకటే. కాబట్టి మొదటిది ఖాళీగా కనబడితే తప్పు ఫైలని వదిలేయొద్దు. గుంట దొరికాక వ్యాలీన్ పక్క గొలుసు కార్బన్ల నుంచి ఎదుటి కార్బన్లకు దూరాలు కొలవండి.

హద్దు ఎంత పెట్టాలి? ప్లిప్‌లో హైడ్రోఫోబిక్ హద్దు 4.0, లిగ్‌ప్లాట్‌లో 3.9. హైడ్రోజన్ బంధంలా దీనికి దిశ ఉండదు. పైగా ఇలాంటి రిజల్యూషన్‌లో పరమాణువు స్థానమే 0.2 ఆంగ్‌స్ట్రామ్ అటూఇటూ ఉండొచ్చు. 4.0 దగ్గర కత్తిరిస్తే 4.1 ఉన్న నిజమైన కాంటాక్ట్ పోతుంది. ప్రోటీన్ల మధ్య హైడ్రోఫోబిక్ కాంటాక్టులకు 4.5 పెట్టుకోండి.

ప్రోటీన్ల మధ్య ఆనుకున్న ముఖాలను మొత్తంగా కొలవడానికి పీడీబీఈలో పీసా ఉంది. ఐడీ ఇస్తే ప్రతి గొలుసుల జంటకూ ఇంటర్‌ఫేస్ వైశాల్యం, హైడ్రోజన్ బంధాలు, సాల్ట్ బ్రిడ్జిలు, అంచనా శక్తి చూపిస్తుంది. సీఎస్‌ఎస్ అనే స్కోరు 1కి దగ్గరగా ఉంటే ఆ జత స్ఫటికం బయట కూడా నిలబడేదని, 0 అయితే స్ఫటికంలో ఊరికే ఆనుకున్నదని దాని అంచనా. 2హెచ్‌బిఎస్‌లో ఆల్ఫా, బీటాల మధ్య ఉన్న పెద్ద ముఖాలు పైన వస్తాయి. వ్యాలీన్ 6 పట్టు కోసం కిందికి జరుపుకుంటూ పోవాలి, పీసా దాన్ని చిల్లర కాంటాక్టుగా లెక్కగట్టినా ఆశ్చర్యపోవద్దు. ఆ చిల్లర కాంటాక్టే ఇక్కడ జబ్బు. హిమోగ్లోబిన్ ఎర్రకణంలో విపరీతమైన గాఢతలో కిక్కిరిసి ఉంటుంది కాబట్టి బలహీనమైన పట్టు కూడా పోగును కడుతుంది. పీసాకు ఆ గాఢత సంగతి తెలియదు. సున్నా చూసి విషయం లేదని తేల్చేయకండి.

ప్రాజెక్టును ఒక మెట్టు ముందుకు తీసుకెళ్లాలంటే బీటా గొలుసు 87వ స్థానం చూడండి. అక్కడ పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో థ్రియొనీన్, గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్ గామా గొలుసులో గ్లుటమీన్. ఆ గుంట అంచున ఉన్న ఈ ఒక్క మార్పు పట్టును అడ్డుకుంటుంది. శిశు హిమోగ్లోబిన్ ఎక్కువున్న రోగులకు జబ్బు తీవ్రత తగ్గడానికి ఒక కారణం ఇదే.

నిర్మాణం దొరక్కపోతే

ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో కంప్యూటర్ అంచనా వేసిన 20 కోట్లకు పైగా ఊహా నిర్మాణాలున్నాయి. రంగుల్లో చూపే పీఎల్‌డీడీటీ (100కి ఇచ్చే నమ్మకపు స్కోరు) 90 దాటిన చోట పక్క గొలుసులనూ కొంత నమ్మొచ్చు, 70 నుంచి 90 మధ్య వెన్నెముక వరకే, 50 లోపు ఉన్న భాగం తాడులా తేలుతుంటే దాన్ని ఆకారం అనుకోవద్దు. ఈ ఊహల్లో మందులు, నీళ్లు ఉండవు. హిమోగ్లోబిన్ గొలుసును తీసుకుంటే హీమ్ (ఇనుమున్న భాగం) కూర్చోవలసిన చోటు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని చూసి "కొత్త బైండింగ్ సైట్ దొరికింది" అనుకుంటే పరువు పోతుంది.

బలం ఎంత అన్నది వేరే ప్రశ్న

బంధాలు ఎక్కువుంటే పట్టు గట్టిదని రాయకండి. నీటిలో ఉన్న మందుకు అప్పటికే నీటితో బంధాలుంటాయి, వాటిని తెంచుకుని ప్రోటీన్‌లోకి రావాలి. నికర లాభం ఎంతో బంధాల సంఖ్య చెప్పదు. కొలిచిన విలువలు బైండింగ్‌డీబీలో, పీడీబీబైండ్‌లో ఉంటాయి. కేడీ (పట్టు బలం), కేఐ (నిరోధించే బలం), ఐసీ50 (పనిని సగానికి తగ్గించే గాఢత) మూడింటినీ ఒకే వరుసలో పేర్చొద్దు. ఐసీ50 ప్రయోగంలో ఎంత సబ్‌స్ట్రేట్ వాడారన్నదాన్ని బట్టి మారుతుంది, రెండు ల్యాబుల ఐసీ50లు పోల్చడానికి పనికిరావు.

రాసుకోవలసినవి

మెథడ్స్ భాగంలో ఇంత ఉండాలి: ఐడీ, రిజల్యూషన్, అసెంబ్లీనా అసిమెట్రిక్ యూనిటా, నీళ్లు ఉంచారా తీసేశారా, హైడ్రోజన్లు దేనితో కలిపారు, ప్రోగ్రామ్ పేరు, వెర్షన్, ప్రతి రకం బంధానికి పెట్టిన దూరం, కోణం, దించుకున్న తేదీ. పాత నిర్మాణాలను కూడా పీడీబీ అప్పుడప్పుడు సవరిస్తుంది, అందుకే తేదీ. ఒక పరమాణువుకు రెండు ప్రత్యామ్నాయ స్థానాలుంటే ఏది తీసుకున్నారో కూడా చెప్పండి; చాలా ప్రోగ్రాములు ఏదో ఒకటి తీసుకుని ఊరుకుంటాయి.

యాభై ఐడీల జాబితా ఎక్సెల్‌లో పెట్టేవాళ్లు ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. నడుమ 'ఈ' అక్షరం, మిగతావి అంకెలు ఉన్న ఐడీని ఎక్సెల్ ఘాతాంకంగా చదివి పెద్ద సంఖ్యగా మార్చేస్తుంది. ఫైలు ఒకసారి సేవ్ చేశాక అసలు ఐడీ తిరిగి రాదు.